సంతకం రాకపోతే గార్డియన్ కావాలా?

ప్రశ్న: మాది ఒడిశాలో రాయగడ జిల్లా గుణుపూర్. అబ్బాయికి మరో మూడు నెలల్లో 18 నిండుతాయి. సెరిబ్రల్ పాల్సీ. చేతులు వణుకుతాయి, సంతకం కుదరదు, మాట ముద్దగా వస్తుంది. ప్లస్ టూలో లెక్కల్లో మంచి మార్కులే. నేను గార్డియన్‌గా ఉండి వాడి పేరున సేవింగ్స్ ఖాతా, ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్, పోస్టాఫీసులో పీపీఎఫ్ నడుపుతున్నాను. ఆ డబ్బు ప్లస్ త్రీ (డిగ్రీ) చదువుకు కావాలి. బ్యాంకులో గార్డియన్‌షిప్ పత్రం తెమ్మంటున్నారు. ఎవరిస్తారు?

జవాబు: ఎవరిస్తారో తర్వాత చెబుతాను. మీరు రాసినదాన్ని బట్టి మీకు ఆ పత్రంతో పని లేదు. అబ్బాయి చెయ్యి వణుకుతుంది, అంతే. వాడి డబ్బు ఎంతుందో, దేనికి తీస్తున్నాడో వాడికి తెలుసు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 13వ సెక్షన్ ప్రకారం తన డబ్బు వ్యవహారాలు తానే చూసుకునే హక్కు అందరితో సమానంగా వాడికీ ఉంది. అవసరం లేకుండా గార్డియన్‌ని పెట్టించుకుంటే, రేపు ఉద్యోగం వచ్చి జీతం పడ్డా సంతకానికి మీ వెనకే తిరగాలి.

18 నిండిన రోజుతో ఆ ఖాతాలో మీ సంతకం చెల్లదు. బ్యాంకు వాడి దగ్గర కొత్తగా కేవైసీ, నమూనా సంతకం తీసుకోవాలి. సంతకం కుదరనివారికి దారి ఉంది. బొటనవేలి ముద్ర చాలు, అది కుదరకపోతే కాలి వేలి ముద్ర. అదీ కాకపోతే ఏదో ఒక గుర్తు పెట్టవచ్చు. ఇద్దరు సాక్షులు కావాలి, అందులో ఒకరు బాధ్యతగల బ్యాంకు ఉద్యోగి అయి ఉండాలి. రిజర్వు బ్యాంకు ఎప్పుడో చెప్పిన మాటే ఇది. వణుకుతున్న చేత్తో ఎలాగో సంతకం పెట్టించాలని చూడకండి. ఈరోజు పెట్టినదానికీ వచ్చే నెల పెట్టినదానికీ పోలిక లేక విత్‌డ్రాయల్ ఫారం వెనక్కొస్తుంది. ముద్ర వేయించేటప్పుడు మోచెయ్యి బల్లమీద ఆనించి, కాగితం అట్టకు క్లిప్పుతో బిగించండి. ఇంకు పలచగా అద్దాలి. ఎక్కువైతే చెయ్యి కదలగానే అలుక్కుపోయి గీతలు కనబడవు, మళ్లీ వేయమంటారు. ముద్రతో నడిచే ఖాతాకు ఏటీఎం కార్డు ఇస్తారో లేదో ఆ రోజే అడిగేయండి. చాలా చోట్ల పేచీ అక్కడే వస్తుంది.

కాగితాలు ఇప్పుడే సర్దుకోండి, ఆలస్యమయ్యేది వాటి దగ్గరే. 15 ఏళ్లకు చేయించాల్సిన ఆధార్ బయోమెట్రిక్ అప్‌డేట్ అయిందా చూడండి. వేళ్లు సరిగ్గా పడకపోతే కంటిపాప తీసుకుంటారు. పాన్ చిన్నప్పుడు తీసినదైతే దానిమీద ఫొటో, సంతకం ఉండవు. 18 నిండాక ఫొటోతో, సంతకమో వేలిముద్రో పెట్టి మార్పుకు దరఖాస్తు చేయాలి. ఇక పేరు. మనవాళ్లు ఇంటిపేరు ముందు రాస్తారు, ఒడిశా స్కూళ్లలో చివర రాస్తారు, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. పాన్‌లో ఇంటిపేరును పొడి అక్షరంగా ఒప్పుకోరు. టెన్త్ సర్టిఫికెట్‌లో ఎలా ఉందో దానికే ఆధార్, పాన్, పాస్‌బుక్, యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) నాలుగూ సరిచేయించండి.

ఖాతా వాడి చేతికి వచ్చాక ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో మీ పేరు తీయించి, దాన్ని ఆ సేవింగ్స్ ఖాతాకే కలపమనండి. గడువు దగ్గర్లో ఉంటే మధ్యలో తీయకండి, వడ్డీ కోత పడుతుంది. పీపీఎఫ్‌కు మేజర్ అయినట్టు దరఖాస్తు వేరే ఇవ్వాలి, అందులో వాడి సంతకాన్నో ముద్రనో మీరే ధ్రువీకరించాలి. తెరిచిన ఆర్థిక సంవత్సరం ముగిశాక ఐదేళ్లు దాటితే ఏడాదికోసారి కొంత తీసుకోవచ్చు. పైచదువు కోసం మొత్తం మూసేసే వీలూ ఉంది, కానీ వడ్డీ 1 శాతం తగ్గించి లెక్క కడతారు. ఫీజుకు చాలినంతే తీయడం మేలని నా మాట.

అసలు ఆ డబ్బంతా తీయాల్సిన పని ఉందా? వైకల్యం 40 శాతం, ఆపైన ఉండి మీ ఇంటి ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటకపోతే నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు పెట్టండి. ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీల్లో వికలాంగులకు 5 శాతం సీట్లున్నాయి, సామ్స్ (ఒడిశాలో కాలేజీ సీట్ల ఆన్‌లైన్ పోర్టల్) దరఖాస్తులో ఆ గడి నింపడం మరిచిపోకండి. స్కాలర్‌షిప్ వెళ్లేది ఆధార్‌తో చివరగా జతపరిచిన ఖాతాకు. పాత ఖాతా ఏదైనా జతై ఉంటే డబ్బు దాంట్లోకి పోతుంది, లేదా తిరిగిపోతుంది.

ఇప్పుడు మీరడిగిన పత్రం. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉండి, డబ్బు లావాదేవీ అర్థం చేసుకోలేని పిల్లలకు 18 దాటాక 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద లోకల్ లెవెల్ కమిటీ గార్డియన్‌ని నియమిస్తుంది. కలెక్టరే దాని అధ్యక్షుడు. మీకు రాయగడ కలెక్టరేట్, పర్లాకిమిడి వాళ్లకు అక్కడిదే. గంజాం వాళ్లు మాత్రం బరంపురం కాదు, ఛత్రపురం వెళ్లాలి. ఖాతా ఆంధ్రా వైపు పాతపట్నంలోనో పార్వతీపురంలోనో ఉన్నా పిల్లవాడు ఉండే జిల్లాలోనే దరఖాస్తు. చట్టం కేంద్రానిది కాబట్టి ఆ పత్రం అటువైపు బ్రాంచీలోనూ చెల్లుతుంది. నియమించిన ఆరు నెలల్లో ఆస్తుల జాబితా ఇవ్వాలి. ఆ తర్వాత ఏటా ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లో లెక్క చూపాలి.

మేనేజరు ఇంకా గార్డియన్‌షిప్ పత్రమే కావాలంటే గట్టిగా మాట్లాడనక్కర్లేదు. “నా ఖాతా నేనే నడుపుకుంటాను, వేలిముద్ర తీసుకోండి” అని అబ్బాయి పేరున అర్జీ ఇచ్చి, రెండో కాపీమీద బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకోండి. వాణ్ణి వెంట తీసుకెళ్లండి, ప్రశ్నలకు వాణ్ణే చెప్పనివ్వండి. మాట ముద్దగా ఉన్నా ఫోనులో టైపు చేసి చూపిస్తే సరిపోతుంది. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, కాదన్నా బ్యాంకులపై ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. 14448కి ఫోను చేస్తే ఎలాగో చెబుతారు. ఆ రెండో కాపీ పారేయకండి, అక్కడ మొదట అడిగేది దాన్నే.