ఆస్టియోపతీ డిప్లొమానా, బీపీటీనా? కావలి తండ్రికి జవాబు

ప్రశ్న: మా అమ్మాయి బైపీసీ. నీట్ రెండుసార్లు రాసినా సీటు వచ్చే ర్యాంకు రాలేదు. తను బీపీటీలో, అంటే ఫిజియోథెరపీ డిగ్రీలో చేరతానంటోంది. మందులు, ఆపరేషన్ లేకుండా చేతులతోనే నయం చేసే ఆస్టియోపతీ డిప్లొమా వారాంతపు క్లాసులతో అయిపోతుందని, అమెరికాలో వాళ్లు డాక్టర్లేనని బంధువులు చెబుతున్నారు. రెండింట్లో ఏది మేలు?
- ఒక తండ్రి, కావలి

జవాబు: అయ్యా, ఏం చదవాలో మీ అమ్మాయి తనే తేల్చుకుంది. తేలనిది మీకు. పెళ్లిళ్లలో ఎవరైనా అడిగితే ‘మా పాప డాక్టర్’ అని చెప్పుకోలేనేమో అన్న బెంగతో దగ్గరి దారి వెతుకుతున్నారు. రెండేళ్లు పుస్తకాలకు అతుక్కుపోయిన పిల్లకు మీ మొహంలో ఆ నిరాశ కనపడకుండా ఉంటుందా? నీట్ రానంత మాత్రాన ఆమెకు వైద్యరంగం తలుపులు మూసుకుపోలేదు. ఈ మాట ముందు మీరు నమ్మండి.

బంధువులు చెప్పింది సగమే నిజం. అమెరికాలో ఆస్టియోపతీ డాక్టర్ అంటే డిగ్రీ అయ్యాక నాలుగేళ్ల మెడికల్ కాలేజీ, ఆపైన ఆసుపత్రిలో పనిచేస్తూ నేర్చుకునే రెసిడెన్సీ. మందులూ సర్జరీలూ అన్నీ చదువుతారు, చేతి వైద్యం దానికి అదనం. బ్రిటన్‌లో 1993 చట్టం కింద ఆస్టియోపతీకి వేరే రిజిస్టర్ ఉంది కానీ వాళ్లు మందులు రాసే డాక్టర్లు కారు. మన దగ్గర వారాంతపు డిప్లొమాతో నేషనల్ మెడికల్ కమిషన్ డాక్టర్ల రిజిస్టర్‌లో పేరెక్కదు. ఫిజియోథెరపిస్టులు పేరు ముందు డాక్టర్ అని రాసుకోవడం మీదే 2025లో పెద్ద వివాదం నడిచింది. డిప్లొమా పట్టుకుని బోర్డు కట్టుకుంటే అమ్మాయి చిక్కుల్లో పడుతుంది, మీరు కాదు.

అయితే ఆస్టియోపతీ చిన్నచూపు చూడాల్సిన విద్య కాదు. దాన్ని మొదలుపెట్టిన ఆండ్రూ టేలర్ స్టిల్ అమెరికా వైద్యుడు. 1864లో మెదడు పొరల జ్వరంతో సొంత పిల్లల్నే పోగొట్టుకున్నాడు. ఆనాటి మందుల మీద నమ్మకం పోయి, 1874లో ఈ పద్ధతిని ప్రకటించాడు. 1892లో మిస్సోరీలోని కిర్క్స్‌విల్‌లో కాలేజీ పెట్టాడు. సూత్రాలు నాలుగు. శరీరం, మనసు, ఆత్మ కలిసి ఒకే మనిషి. తనను తాను సరిదిద్దుకునే శక్తి శరీరానికి ఉంది. నిర్మాణం, పనితీరు ఒకదాని మీద ఒకటి ఆధారపడతాయి. వైద్యం ఈ మూడింటినీ పట్టుకునే సాగాలి.

మన పొలాల్లోకి తెచ్చి చూడండి. నాట్లు వేసే మనిషి నడుము నొప్పి అని వస్తే నడుమొక్కటే నొక్కి పంపకూడదు. తుంటి కీలు సరిగా వంగకపోతే ఆ వంపంతా నడుము మీదే పడుతుంది. అందుకే తుంటి, చీలమండ, ఊపిరి తీసేటప్పుడు పక్కటెముకల కదలిక చూస్తారు. వేళ్లతో వెతికేవి నాలుగు: కండరం తీరులో మార్పు, రెండు పక్కల మధ్య తేడా, కదలిక ఎక్కడ ఆగుతోంది, ఎక్కడ ముట్టుకుంటే నొప్పి. ఒక పద్ధతిలో కీలును కదలిక ఆగే చోటిదాకా తీసుకెళ్లి, రోగిని ఎదురుగా మెల్లగా నెట్టమంటారు. మూడు నుంచి ఐదు సెకన్లు పట్టి, వదిలించి, కొత్త హద్దుదాకా జరుపుతారు. మూడు నుంచి ఐదుసార్లు. రోగి బలమంతా పెట్టి నెడితే పెద్ద కండరాలు బిగుసుకుని పని చెడుతుంది. నేర్పేవాళ్లు పక్కన ఉండి చెయ్యి సరిచేస్తే తప్ప ఇది రాదు.

నా అనుమానమంతా రెండో సూత్రాన్ని ప్రకటనల్లో సాగదీసే తీరు మీద. శరీరానికి తనను బాగుచేసుకునే శక్తి ఉందంటే, ఏ జబ్బైనా చేతులతో పోతుందని కాదు. కనిగిరి, పొదిలి వైపు ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన వాళ్లలో కొందరికి వెన్ను లిగమెంట్లు గట్టిపడి, వెన్నుపాము దారి ఇరుకవుతుంది. పైకి మామూలు మెడ బిగుతులాగే ఉంటుంది. ఎక్స్‌రే చూడకుండా మెడను ఠక్కుమని తిప్పితే కాళ్లు పడిపోవచ్చు. అక్కడ ముందు మారాల్సింది తాగే నీళ్లు. అలాగే సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నొప్పి ఉంటే వెన్ను టీబీ అనుమానించాలి. మూత్రం ఆగిపోయినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా ఆ రోజే ఆసుపత్రికి పంపాలి. ఎముకలు గుల్లబారిన వాళ్లకు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు మెడ, వెన్ను మీద విసురు వైద్యం చేయకూడదు. ఎప్పుడు చెయ్యి వేయకూడదో తెలియడానికే అనాటమీ, పాథాలజీ ఏళ్ల తరబడి చదివిస్తారు.

పుర్రె ఎముకల లయను వేళ్లతో పట్టి సరిచేస్తామనే శాఖ ఒకటి ఉంది. ఒకే తల మీద ఇద్దరు చెయ్యి పెడితే ఇద్దరికీ ఒకే లయ అందడం లేదని పరీక్షల్లో తేలింది. కోర్సులో అదే ముఖ్యమని చెబితే డబ్బు కట్టకండి. నడుము నొప్పికి మాత్రం చేతి వైద్యం కొంత ఉపశమనం ఇస్తుందని ఆధారాలున్నాయి.

ఇక మీరడిగిన పోలిక. బీపీటీకి అనుబంధ ఆరోగ్య వృత్తుల 2021 జాతీయ చట్టం గుర్తింపు ఉంది, ఆసుపత్రి ఉద్యోగం ఉంది, పీజీకి ఎంపీటీ దారి ఉంది. ఆస్టియోపతీని దాని తర్వాత, దాని పైన నేర్చుకోవచ్చు. వైద్య చదువు లేనివాళ్లకు ఈ శిక్షణ 4,200 గంటలు, అందులో కనీసం 1,000 గంటలు పర్యవేక్షణలో రోగుల్ని చూస్తూ సాగాలని 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. డిప్లొమా పన్నెండు వారాంతాలనుకుంటే, వారాంతానికి 16 గంటలు వేసుకున్నా 192 గంటలే.

డిప్లొమా వాళ్లు ఫోన్ చేస్తే మూడు అడగండి: మొత్తం గంటలెన్ని, రోగుల దగ్గర ఎన్ని, సర్టిఫికెట్‌తో ఏ కౌన్సిల్‌లో రిజిస్టర్ అవుతుంది. జవాబు కాగితం మీద ఇమ్మనండి. ఈలోగా నెల్లూరులోనో ఒంగోలులోనో ఏదైనా పెద్దాసుపత్రి ఫిజియోథెరపీ విభాగాన్ని అనుమతి తీసుకుని అమ్మాయికి ఒక పూట చూపించండి. పక్షవాతం వచ్చిన మనిషిని లేపి నిలబెట్టే పని దగ్గర నుంచి చూశాక కూడా ఆమె బీపీటీయే అంటే, కౌన్సెలింగ్ ఫీజు కట్టేయండి.