మాస్టర్ సిలిండర్ కొనేముందు డ్రమ్ విప్పి చూడండి

ఏళ్ల తరబడి నిలిపేసిన కారు, వెనక చక్రం ఒకటి పట్టేసింది, పెడల్ కిందిదాకా పోతోంది, మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కగానే బ్రేక్ ఆయిల్‌ని చక్రాల వైపు నెట్టేది) మార్చేయాలా అని ఒకరు అడిగారు. తొందరపడకండి. నా పాత కారుకీ ఇదే వచ్చింది. తీరా చూస్తే రోగమంతా చక్రాల దగ్గరే.

ముందు పెడల్ సంగతి చూడండి. వెంటవెంటనే తొక్కితే పైకి వస్తోందంటే చాలావరకు షూలు (చక్రంతో తిరిగే డ్రమ్‌ని లోపల్నుంచి ఒత్తి ఆపే వంపు ముక్కలు) డ్రమ్‌కి దూరంగా ఉన్నట్టు. మెత్తగా ఉంటే లైన్లో గాలి ఉంది. తొక్కిపట్టినా మెల్లగా దిగిపోతూ, బయటెక్కడా ఆయిల్ కారకపోతే అప్పుడు మాస్టర్ సిలిండర్‌ని అనుమానించండి. పెడల్‌ని అడుగుదాకా మాత్రం తొక్కొద్దు. తుప్పు పట్టిన చోట రుద్దుకుని లోపలి రబ్బర్లు చిరుగుతాయి.

ముందువైపు చక్రాలకి అడ్డు పెట్టి, కారు కింద స్టాండు పెట్టి, హ్యాండ్ బ్రేక్ వదిలేయండి. డ్రమ్ రాకపోతే సాధారణంగా లోపలి అంచున పేరుకున్న తుప్పు గట్టు షూలకి అడ్డుపడుతుంటుంది. షూల దూరం సర్దే అడ్జస్టర్‌ని వెనక్కి తిప్పి షూలు దగ్గరకి తీసుకురండి. చాలా డ్రమ్ములకి మరలున్న రెండు రంధ్రాలుంటాయి. వాటిలో బోల్టులు మార్చిమార్చి బిగిస్తే డ్రమ్ బయటికొస్తుంది. అంచు మీద సుత్తి వేశారో, పగులుతుంది. లోపలి దుమ్ము ఊదొద్దు, పాత లైనర్లలో (షూల మీద రాపిడికి అతికించిన పొర) ఊపిరితిత్తులకి చేటైన ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిపి తుడవండి.

ఇక షూలని బయటికి నెట్టే వీల్ సిలిండర్ చివరి రబ్బర్ టోపీ అంచుని గోటితో ఎత్తి చూడండి. నా కారులో ఆ టోపీ కింద గోధుమరంగు జిగురు, దాని వెనక కదలకుండా బిగుసుకుపోయిన పిస్టన్. ఆయిల్ తాగిన లైనర్లని కడిగి వాడొద్దు. రెండు పక్కలా కలిపి మార్చండి. ఒక పక్క పూర్తయ్యేదాకా రెండోది విప్పకండి, స్ప్రింగుల అమరికకి అదే నమూనా.

బిగించాక అడ్జస్టర్‌ని చక్రం పట్టేదాకా తిప్పి, తేలిగ్గా తిరిగేంత వదలండి. పెడల్ తొక్కి మళ్లీ సరిచూడండి. హ్యాండ్ బ్రేక్ కేబుల్ జోలికి ఆ తర్వాతే వెళ్లాలి; కేబుల్ లాగి షూల దూరం సర్దేవాళ్లున్నారు, అది పని కాదు. ఆ తర్వాత కారులో బ్రేక్ ఆయిల్ పోసే గిన్నె మూత మీద రాసిన రకం కొత్త ఆయిల్ పోసి, లైన్లోని గాలి తీయండి. ఎప్పుడో తెరిచిన డబ్బా వద్దు, అది తేమ పీల్చేసి ఉంటుంది.

ఇంత చేసినా తొక్కి వదిలాక చక్రం పట్టే ఉంటే, గాలి తీసే నిపుల్ కొంచెం వదులు చేయండి. ఆయిల్ చిమ్మి చక్రం వదిలితే, లోపల ఉబ్బిపోయిన రబ్బర్ గొట్టం ఆయిల్‌ని వెనక్కి రానివ్వట్లేదేమో, ముందు దాన్నే చూడండి. వదలకపోతే షూలో, కేబులో ఇరుక్కున్నట్టు.