కల్చర్ టెస్టు బిల్లు వచ్చిందా? ఈఓబీ చూడకుండా కార్డు తీయొద్దు

సందేహం: అక్కా, మాది ప్రొద్దుటూరు. పెళ్ళయి ఈ మధ్యనే అమెరికా వచ్చాను, ఆయన ఉద్యోగం ఇన్సూరెన్సులోనే నేనూ ఉన్నాను. యూరిన్ ఇన్ఫెక్షన్ వస్తే డాక్టర్ దగ్గరికి పోయి కోపే (చూపించుకున్న రోజే కట్టే మన వాటా) కట్టి వచ్చాం. నెల దాటాక, ఎప్పుడూ పేరు వినని ఒక ల్యాబు నుంచి యూరిన్ కల్చర్ (మూత్రంలో సూక్ష్మజీవులు పెరుగుతాయేమో చూసే పరీక్ష) అని బిల్లు వచ్చింది. ఇచ్చింది ఒకటే శాంపిల్, బిల్లులో మూడు లైన్లున్నాయి. ఇది మోసమా? కట్టకపోతే క్రెడిట్ స్కోర్ పోతుందని ఆయనకు ఒకటే టెన్షన్. వచ్చే వేసవికి అమ్మ వస్తోంది, ఆమెకు షుగర్ ఉంది. అదొక భయం.

జవాబు: చెల్లీ, ఇప్పుడే కట్టొద్దు. ఎగ్గొట్టమని కాదు, ఆగమంటున్నాను. మీ ఇన్సూరెన్సు కంపెనీ ఈఓబీ (ఎక్స్‌ప్లనేషన్ ఆఫ్ బెనిఫిట్స్) అని లెక్కలు చెప్పే ఒక కాగితం పంపుతుంది, ఇంటికి రాకపోతే వాళ్ళ వెబ్‌సైటులో ఉంటుంది. దాని మీద "ఇది బిల్లు కాదు" అని పెద్దక్షరాలతో ఉంటుంది కాబట్టి కొత్తగా వచ్చిన పిల్లలంతా చించి పారేస్తారు. అసలు చదవాల్సింది దాన్నే. ల్యాబు ఎంత అడిగింది, ఒప్పందం ప్రకారం ఎంతకు తగ్గింది, ఇన్సూరెన్సు ఎంత ఇచ్చింది, నీ వాటా ఎంత, అన్నీ అందులోనే ఉంటాయి. ఆ చివరి అంకె, ల్యాబు బిల్లులోని అంకె ఒకటైతేనే డబ్బు కట్టాలి.

మనకు అలవాటైన పద్ధతి వేరు. మాది అనంతపురం. సాయినగర్‌లో ఏ ల్యాబుకు పోయినా కౌంటర్లో ముందే రేటు చెప్తారు, డబ్బు కట్టి రసీదు తీసుకున్నాకే శాంపిల్ డబ్బా చేతికొస్తుంది. ఎక్కువనిపిస్తే పక్క ల్యాబులో అడుగుతాం. ఇక్కడ శాంపిల్ ఇచ్చే రోజు రేటెంతో డాక్టరుకూ తెలియదు, నర్సుకూ తెలియదు. నువ్వు కట్టిన కోపే డాక్టరు ఖాతాలోకి పోయింది. శాంపిల్ వెళ్ళిన ల్యాబు వేరే సంస్థ, దాని బిల్లు వేరుగా వస్తుంది.

మేము వచ్చిన కొత్తలో ఇది చెప్పే మనిషి లేడు. మా పెద్దోడికి గొంతు నొప్పి, జ్వరం. క్లినిక్‌లో గొంతులో పుల్ల తిప్పి రాపిడ్ స్ట్రెప్ టెస్టు (స్ట్రెప్ అనే బ్యాక్టీరియా ఉందో లేదో అక్కడికక్కడే చెప్పేది) చేశారు, నెగటివ్ వచ్చింది. పిల్లల్లో రాపిడ్ టెస్టు కొన్ని కేసులను పట్టుకోలేకపోవచ్చు కాబట్టి నెగటివ్ వస్తే కల్చర్‌కు కూడా పంపుతారు, అది మామూలే. పిల్లోడు కోలుకున్నాడు, మేం మర్చిపోయాం. తర్వాత ల్యాబు బిల్లు వచ్చింది, వంద డాలర్ల పైనే, ఇన్సూరెన్సు ఇచ్చింది సున్నా అని. అప్పట్లో మా ఆయన జీతంలో అద్దె, ఇంటికి పంపే డబ్బు పోగా మిగిలేది ఎంతని! అయినా అప్పు అనే మాట వింటేనే ముద్ద దిగని ఇంట్లో పుట్టినదాన్ని, ఆ రాత్రే కార్డు తీసి కట్టేశాం.

చాన్నాళ్ళకు ఇక్కడే ఉన్న కర్నూలు వాళ్ళ ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి పోతే, ఆ ఇంటి పెద్దావిడ మా బిల్లు సంగతి విని, ప్రసాదం చేతిలో పెడుతూనే "ఈఓబీ చూశారా?" అని అడిగింది. చూస్తే ఏముంది, మా ఆయన ఉద్యోగం మారినా ల్యాబు దగ్గర పాత కంపెనీ ఇన్సూరెన్సు నంబరే ఉంది. క్లెయిమ్ పాతవాళ్ళకు పోయింది, వాళ్ళు తిప్పి కొట్టారు, ల్యాబు పూర్తి రేటు మా మీద వేసింది. కొత్త ఇన్సూరెన్సు వాళ్ళకు ఆ సంగతే తెలియదు. కొత్త కార్డు వివరాలిచ్చి మళ్ళీ క్లెయిమ్ వేయించాను. ఒప్పందం రేటు ప్రకారం మా వాటా కొద్ది డాలర్లే అని తేలింది. కానీ కట్టిన డబ్బు వెనక్కి రాబట్టడానికి చలికాలమంతా పట్టింది. ఫోన్ చేసిన ప్రతిసారీ కొత్త మనిషి, మళ్ళీ మొదటి నుంచి కథ. అప్పుడే ఒక నోటుబుక్కు పెట్టాను: తేదీ, మాట్లాడిన మనిషి పేరు, కాల్ రిఫరెన్స్ నంబరు, ఏం చెప్పారు. ఆ నోటుబుక్కు చూసి చదువుతుంటే అవతలివాళ్ళ గొంతే మారిపోయేది. ఆ డబ్బు మొత్తం వెనక్కి రాబట్టాను, ఆ తర్వాత మా ఇంట్లో ఒక్క బిల్లూ లెక్క చూడకుండా కట్టలేదు. మీ తరం ఫోన్ చేయాలంటేనే జంకుతారు, అంతా యాప్‌లో అయిపోవాలంటారు. ఇది యాప్‌లో తేలదమ్మా, ఫోన్ చేయాల్సిందే.

ఇక నీ మూడు లైన్ల సంగతి. అది మోసం కాకపోవచ్చు. శాంపిల్‌ను అగర్ ప్లేట్ల (సూక్ష్మజీవులు పెరిగే జెల్లీ పళ్ళేల) మీద పూసి, ఇంచుమించు ఒంటి వేడిలో ఒక రోజు ఉంచి, పెరిగిన కాలనీలు (సూక్ష్మజీవుల గుంపులు) లెక్కపెడతారు. ఆ పనికి బిల్లులో వేసే కోడ్ 87086. ఏదైనా సూక్ష్మజీవి పెరిగితే అది ఏ రకమో తేల్చడానికి ఇంకో కోడ్, 87077 లాంటిది ఉంటుంది. దానికి ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుందో చూసేందుకు 87186. డాక్టరు మళ్ళీ అడగకపోయినా, పెరిగితే ల్యాబు తనంతట తానే ఈ రెండూ చేస్తుంది. కాబట్టి ఒక శాంపిల్‌కు మూడు లైన్లు సహజమే. రేట్ల సంగతికొస్తే, పెద్దవయసు వాళ్ళకు ప్రభుత్వమిచ్చే ఇన్సూరెన్సు మెడికేర్, వీటిలో ఒక్కోదానికి ల్యాబుకు ఇచ్చేది సుమారు 8 డాలర్లు. నీ బిల్లులో ఒక్కో లైనుకు ఎంత వేశారో చూసుకో, పూర్తి రేటుకూ అసలు రేటుకూ ఎంత దూరమో నీకే తెలుస్తుంది.

ఇప్పుడు ఒక పని చెయ్యి. పేషెంట్ పోర్టల్‌లో (క్లినిక్ వెబ్‌సైటులో నీ ఖాతాలో) నీ కల్చర్ రిపోర్టు తెరువు, బిల్లు పక్కన పెట్టు. రిపోర్టులో "నో గ్రోత్" అని ఉంటే 87186 లైను ఉండకూడదు, పెరగని దానికి మందు పరీక్ష ఎక్కడిది? ఉంటే గట్టిగా అడుగు. ఒకే బ్యాక్టీరియా పేరు ఉంటే రకం తేల్చే లైనూ, మందు పరీక్ష లైనూ ఒక్కోసారే ఉండాలి. "మిక్స్‌డ్ ఫ్లోరా" అని ఉంటే శాంపిల్‌లో చర్మం మీది సూక్ష్మజీవులు కలిశాయని అర్థం, మళ్ళీ శాంపిల్ ఇమ్మంటారు, మళ్ళీ బిల్లు పడుతుంది. అందుకే తుడుచుకుని, మొదటి ధార వదిలేసి, మధ్య ధార పట్టమని నర్సు చెప్పేది సిగ్గుపడకుండా విను.

ఇన్సూరెన్సు "అవసరం లేని టెస్టు" అని తిప్పి కొట్టి ఉంటే తప్పు ఎక్కువగా కోడ్ దగ్గరే ఉంటుంది. ల్యాబు వాళ్ళు నిన్ను చూడలేదు, డాక్టరు ఆర్డరు మీద రాసిన డయాగ్నసిస్ కోడే (జబ్బేమిటో చెప్పే కోడే) వాళ్ళకు ఆధారం. మూత్రంలో మంట ఉంటే ఆర్30.0, ఇన్ఫెక్షన్ అయితే ఎన్39.0. మంట ఉందని నువ్వు చెప్పినా, వాళ్ళు మామూలు చెకప్ అని రాసి పంపితే క్లెయిమ్ పడిపోతుంది. దాన్ని మార్చడం ల్యాబు చేతిలో ఉండదు, డాక్టరు ఆఫీసులో బిల్లింగ్ మనిషిని పట్టుకుని, ఫైల్లో ఉన్నదే సరైన కోడ్‌తో మళ్ళీ పంపమనాలి. అయినా కాదంటే అప్పీలు ఉంది, మామూలుగా తిరస్కరించిన నాటి నుంచి 180 రోజుల గడువు, వివరాలు మీ ప్లాన్ పుస్తకంలో ఉంటాయి. ఇంకోటి, రేపు నీకు కడుపు పండితే గుర్తుపెట్టుకో, లక్షణాలు లేకపోయినా గర్భిణులకు చేసే యూరిన్ కల్చర్ నివారణ పరీక్షల కింద వస్తుంది. నెట్‌వర్క్ ల్యాబులో (మీ ఇన్సూరెన్సుతో ఒప్పందం ఉన్న ల్యాబులో) చేయిస్తే చాలా ప్లాన్లలో నీ వాటా సున్నా. దానికి డబ్బు అడిగితే కట్టకు.

నెట్‌వర్క్ అంటే గుర్తొచ్చింది. క్లినిక్ నెట్‌వర్క్‌లో ఉంటే ల్యాబు కూడా ఉంటుందని లెక్క కాదు. శాంపిల్ ఇచ్చేటప్పుడే "ఇది ఏ ల్యాబుకు పోతుంది?" అని అడుగు. నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఉన్నప్పుడు బయటి ల్యాబు వేసే అదనపు బిల్లు నుంచి 2022 జనవరి నుంచి చట్టం కాపాడుతోంది, కానీ మామూలు డాక్టరు ఆఫీసుకు ఆ రక్షణ లేదు.

క్రెడిట్ స్కోర్ గురించి మీ ఆయన్ను నిద్రపొమ్మను. క్రెడిట్ రిపోర్టులు తయారుచేసే మూడు పెద్ద క్రెడిట్ బ్యూరోలూ 2022 నుంచి ఏడాది నిండని వైద్య బాకీలను రిపోర్టులో చూపించడం మానేశాయి, 2023 ఏప్రిల్ నుంచి 500 డాలర్ల లోపు వాటిని తీసేశాయి. అలాగని ఉత్తరాలను చెత్తబుట్టలో వేయకండి. ల్యాబుకు ఫోన్ చేసి, ఇన్సూరెన్సుతో తేలేదాకా బిల్లును హోల్డ్‌లో పెట్టమంటే పెడతారు.

అమ్మ విషయమే నాకు ఎక్కువ దిగులు, ఎందుకంటే అక్కడ పోయేది వందలు కాదు. మా అత్తమ్మ తాడిపత్రి నుంచి వచ్చినప్పుడు తక్కువ ప్రీమియం అని ఫిక్స్‌డ్ రకం (ఒక్కో ఖర్చుకు ఇంతే అని ముందే గీత గీసేది) విజిటర్ ఇన్సూరెన్సు తీసుకున్నాం. ఆమెకు షుగర్, కాలి మడమ దగ్గర చిన్న పుండు. అది చీము పట్టి ఆసుపత్రికి పోతే చీము కల్చర్, బ్లడ్ కల్చర్, సెలైన్లో యాంటీబయాటిక్. ఇన్సూరెన్సు ఒక్కోదానికి ఇంత అని గీసిన గీత దాటలేదు, పైగా పుండు ముందే ఉందని మెలిక పెట్టింది. ఆమె మంచం మీదనుంచే "నా వల్ల మీకెంత ఖర్చు నాయనా" అని మా ఆయన్ను అడుగుతుంటే నా కడుపు తరుక్కుపోయింది. చివరికి ఆ ఆసుపత్రి లాభాపేక్ష లేనిది కాబట్టి ఆర్థిక సహాయం పాలసీ ఉండి తీరాలని తెలుసుకుని, ఫారం అడిగి, జీతం కాగితాలు జత చేసి పెట్టాను. సగానికి పైగా తగ్గించారు. మొదటి బిల్లు వచ్చిన నాటి నుంచి 240 రోజుల దాకా ఆ దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఎవరూ పిలిచి చెప్పరు.

మీ అమ్మకు ఫిక్స్‌డ్ రకం వద్దు, కాంప్రిహెన్సివ్ (బిల్లులో ఇంత శాతం అని భరించే రకం) తీసుకో. పాత జబ్బుల గురించి ఏం రాశారో ఆ పేజీ మీ ఆయనా నువ్వూ ఇద్దరూ చదవండి. విమానం ఎక్కకముందే ప్రొద్దుటూరులో షుగర్ టెస్టు, మూత్ర పరీక్ష, పళ్ళు, కాళ్ళు చూపించి రమ్మను. అక్కడ ఎప్పుడైనా కల్చర్ చేయించి ఉంటే ఆ రిపోర్టు, అప్పుడు వాడిన మందు పేరు ఫోన్లో ఫోటో తీసి పెట్టుకో. నీ బిల్లులోని మూడు కోడ్‌లు, ఈఓబీలో నీ వాటా అని ఉన్న అంకె నాకు రాసి పంపు, పేరు, ఐడీ నంబరు చెరిపేసి. ఏ లైనుకు కట్టాలో, ఏది ఆపాలో చెప్తాను.