లడ్డూ తిన్న లాబ్రడార్‌కు విరేచనాలు... పెరుగన్నం సరిపోతుందా?

ప్రశ్న: మేము తిరుపతిలో ఉంటాము. మా లాబ్రడార్‌కు మూడేళ్లు, బరువు 28 కిలోలు. నిన్న సాయంత్రం కొండ దిగి వచ్చిన బంధువుల పిల్లలు దానికి ముద్దుగా ఒక లడ్డూ మొత్తం తినిపించారు. ఈ రోజు తెల్లవారుజాము నుంచి మూడు వాంతులు, నాలుగైదు నీళ్ల విరేచనాలు. పెరుగన్నం పెడితే ముట్టలేదు. మేము వాడే విరేచనాల మాత్ర సగం వేయవచ్చా? – ఒక పాఠకురాలు

జవాబు: మాత్ర వేయకండి. సగమే కాదు, పావు కూడా వద్దు. విరేచనం ఆగితే మీకు ఊరటగా ఉంటుంది కానీ, కడుపులోని చెడు లోపలే నిలిచిపోతుంది. మనుషుల నొప్పి మాత్రలు, జ్వరం మాత్రలు కుక్కలకు ఇంకా ప్రమాదం.

నిజానికి మీ ఉత్తరంలో నన్ను ఆలోచింపజేసింది విరేచనాలు కాదు, లడ్డూ. ప్రసాదంలో దోషమేమీ లేదు, అది మనకోసం చేసింది. అందులోని నెయ్యి ఒక్కసారిగా కడుపులో పడితే కుక్కకు క్లోమం వాచే అవకాశం ఉంది. ముందుకాళ్లు నేలకు ఆనించి, వెనుక భాగం పైకెత్తి వంగుతుంటే కడుపునొప్పి బాగా ఉందని గుర్తు. అంతకన్నా ముఖ్యం కిస్‌మిస్. ద్రాక్ష పచ్చిదైనా, ఎండుదైనా కొన్ని కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఎంత తింటే హాని అన్న లెక్క లేదు. ఒక కుక్క తట్టుకున్నది మరో కుక్క తట్టుకోదు. ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లమే కారణమని పశువైద్యులు ఇప్పుడు అనుమానిస్తున్నారు. చింతపండులోనూ అది దండిగా ఉంటుంది కాబట్టి పులిహోర కూడా దానికి వద్దు.

ఒక్క లడ్డూలోని కిస్‌మిస్ మీ 28 కిలోల కుక్కకు ఏమీ చేయకపోవచ్చు. అయినా ఈ రోజే పశువైద్యునికి చూపించి, మూత్రపిండాలు ఎలా పనిచేస్తున్నాయో తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించండి. మూత్రపిండాల నష్టం బయటపడటానికి ఒకటి నుంచి మూడు రోజులు పట్టవచ్చు కనుక, ఎల్లుండి మళ్లీ చేయిస్తే మంచిది. మీ ఊళ్లో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, దాని కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లవచ్చు. తిన్న గంట, రెండు గంటల్లో అయితే వైద్యులు వాంతి చేయించేవారు. ఇప్పుడు ఆ సమయం దాటిపోయింది. ఇంట్లో ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం మాత్రం చేయకండి.

అప్పటిదాకా నీళ్లు కొద్దికొద్దిగా, అరగంటకోసారి పెట్టండి. గిన్నె నిండా పెడితే గటగటా తాగి మళ్లీ కక్కుతుంది. పై పెదవి ఎత్తి చిగురును వేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోట రెండు సెకన్లలో గులాబీ రంగు తిరిగి రావాలి. చిగుళ్లు పాలిపోయినా, ఎండిపోయి జిగటగా ఉన్నా ఒంట్లో నీరు తగ్గిందని అర్థం. అప్పుడు సెలైన్ ఎక్కించవలసి రావచ్చు.

వాంతులు ఆగి ఆరేడు గంటలు గడిచాక, వైద్యుడు సరేనంటే మెత్తగా ఉడికించిన అన్నం రెండు వంతులు, ఎముక, చర్మం లేని ఉడికించిన కోడిమాంసం ఒక వంతు కలిపి రోజుకు నాలుగైదు సార్లు కొద్దిగా పెట్టండి. మాంసం వండని ఇల్లయితే ఉడికిన తీపి గుమ్మడికాయ గుజ్జు కలపండి. ఉప్పు, నూనె, తాలింపు వద్దు. పెరుగన్నం తినలేదని బాధపడకండి, ఇలాంటి సమయంలో పాలపదార్థాలు చాలా కుక్కలకు పడవు. సాంబారన్నం ఎప్పుడూ వద్దు, ఉల్లిపాయ వాటి ఎర్ర రక్తకణాలను పాడుచేస్తుంది. రెండు, మూడు రోజులు ఇలా గడిపి, మెల్లగా మామూలు తిండికి మార్చండి.

విరేచనంలో రక్తం పడినా, మలం తారులా నల్లగా ఉన్నా, మూత్రం తగ్గినా, పొట్ట ఉబ్బి వాంతి రాక ఊరికే ఓకరిస్తున్నా, రాత్రయినా సరే వెంటనే బయలుదేరండి. టీకాలు పూర్తికాని కుక్కపిల్ల విషయంలోనైతే ఈ ఇంటి చిట్కాలేవీ ప్రయత్నించవద్దు. దానికి వాంతులు, విరేచనాలు కలిసి వచ్చాయంటే మొదట పార్వో వైరస్‌నే అనుమానించాలి, ఒక్క పూట ఆలస్యం కూడా చేటు.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు లడ్డూ ఎన్ని గంటలకు తిన్నదో, చివరిసారి మూత్రం ఎప్పుడు పోసిందో రాసుకోండి. విరేచనాన్ని ఫోనులో ఫొటో తీసి చూపించండి. నా జవాబు చేరేలోపు ఆ మాత్ర వేసేసి ఉంటే, దాచకుండా అదీ చెప్పండి.