లైపేజ్ నార్మల్‌కి వచ్చింది, బీరు తాగొచ్చా?

పాంక్రియాటైటిస్ (క్లోమ గ్రంథి వాపు) తర్వాత మీ తమ్ముడికి లైపేజ్ (క్లోమం వాచినప్పుడు రక్తంలో పెరిగే ఎంజైమ్) తగ్గింది, బీరు పర్వాలేదా అని అడిగారు. వద్దండీ, ఒక్క గ్లాసు కూడా. లైపేజ్ ఒకటి రెండు వారాల్లోనే దిగిపోతుంది. దెబ్బతిన్న క్లోమం అంత త్వరగా మానదు. ఆల్కహాల్ వల్ల క్లోమంలోని సన్నటి రక్తనాళాల్లో ప్రసరణ తగ్గడం జంతువులపై చేసిన ప్రయోగాల్లో కనిపించింది. అసలే వాచిన గ్రంథికి ఆక్సిజన్ అందకపోతే ఆ భాగంలో కణాలు చచ్చిపోవచ్చు. అసలు భయం అదే.

బీరు తేలికేం కాదు: 5 శాతం బీరు 650 మి.లీ. సీసాలో సుమారు 26 గ్రాముల ఆల్కహాల్, 60 మి.లీ. విస్కీలో 20. సిగరెట్టూ మానాల్సిందే.

రోజూ తాగే మనిషైతే మాత్రం డాక్టరుకి చెప్పే ఆపించండి, ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు. పైకడుపు నొప్పి వీపులోకి పాకి వాంతులైతే గ్యాస్ మాత్రలతో ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. మొదటి గంటల్లో ఎక్కించే సెలైన్ చాలా ముఖ్యం.