కారు అమ్మేస్తే ఎస్‌ఆర్-22 తప్పుతుందా?

ప్రశ్న: మేడమ్, నేను కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉంటాను. పోయినేడాది పార్టీ నుంచి వస్తూ డీయూఐలో (తాగి కారు నడిపిన కేసులో) దొరికాను. కోర్టు వ్యవహారం తేలింది, క్లాసులకు వెళ్తున్నాను. లైసెన్స్ తిరిగి రావాలంటే ఎస్‌ఆర్-22 కావాలట. మా ఇన్సూరెన్స్ కంపెనీ రెన్యువల్ చేయనంది. వేరేవాళ్ల కోట్ చూస్తే గుండె ఆగినంత పనైంది. నా కారు అమ్మేసి, అవసరానికి మా ఆవిడ కారు నడుపుకుంటే సరిపోతుందా? వేసవిలో రెండు నెలలు ఇండియా వెళ్తున్నాం, అప్పుడైనా ప్రీమియం ఆపుకోవచ్చా?

జవాబు: ముందు ఇండియా సంగతి చెప్తాను, ఎక్కువమంది బోల్తా పడేది అక్కడే. ఆపకండి. ఎస్‌ఆర్-22 అంటే మీకు పాలసీ ఉందని కంపెనీ డీఎంవీకి (లైసెన్సులు చూసే రాష్ట్ర శాఖకి) ఇచ్చే హామీ కాగితం. పాలసీ ఆగిపోతే అదే కంపెనీ ఎస్‌ఆర్-26 అని ఇంకో కాగితం పంపుతుంది, లైసెన్స్ మళ్లీ సస్పెండ్ అవుతుంది. మీరు అక్కడ పెళ్లి భోజనాల్లో ఉంటారు, ఇక్కడ ఇంటికి ఉత్తరం వచ్చి పడుంటుంది. కాలిఫోర్నియాలో డీయూఐకి మామూలుగా 3 ఏళ్లు దీన్ని తెగకుండా ఉంచాలి. ఆటోపే పెట్టామని ధీమాగా ఉండి, కార్డు గడువు తీరిపోయి పేమెంట్ వెనక్కొచ్చి లైసెన్స్ పోగొట్టుకున్నవాళ్లను నేను ఏజెంట్‌గా ఉన్నప్పుడు చూశాను. మీ కార్డు మీద తేదీ ఇవాళే చూసుకోండి.

కారు అమ్మినా ఎస్‌ఆర్-22 పోదు. సొంత కారు లేనివాళ్ల కోసం నాన్-ఓనర్ పాలసీ ఉంటుంది, చవగ్గానే వస్తుంది. కానీ అది ఎప్పుడైనా ఒకసారి ఎవరి కారో అడిగి నడిపేవాళ్లకి. ఇంట్లోనే ఉండే మీ ఆవిడ కారుకి అది మామూలుగా వర్తించదు. కాబట్టి ఆవిడ పాలసీలో మిమ్మల్ని డ్రైవర్‌గా చేర్చాలి, లేదా పేరు పెట్టి మినహాయించాలి. చేర్చితే ఆవిడ ప్రీమియం పెరుగుతుంది. మినహాయిస్తే పెరగకపోవచ్చు గానీ, స్ట్రీట్ స్వీపింగ్ (వీధి ఊడ్చే రోజు) ఉందని మీరు ఆ కారుని రోడ్డు అవతలికి జరుపుతూ ఎవరికైనా తగిలించినా కంపెనీ పైసా ఇవ్వదు. పిల్లల్ని దింపడం, కాస్ట్‌కో వెళ్లడం లాంటివి ఉన్న ఇంట్లో మినహాయింపు నిలబడదని నా అభిప్రాయం. మీ కారు అమ్మేసి, ఆవిడ పాలసీలోనే చేరి, ఎస్‌ఆర్-22 అక్కడి నుంచే ఫైల్ చేయించండి. ఆ కంపెనీ చేస్తుందో లేదో అమ్మకముందే రాతపూర్వకంగా అడగండి.

ఇక కోట్ సంగతి. ఎస్‌ఆర్-22 ఫైలింగ్ ఫీజు చిన్నదే. అసలు దెబ్బ డీయూఐది. మంచి డ్రైవర్లకు కాలిఫోర్నియా చట్టం కనీసం 20 శాతం తగ్గింపు ఇప్పిస్తుంది. డీయూఐ పడితే 10 ఏళ్లు అది ఉండదు, ఆ పైన రేటు కూడా పెరుగుతుంది. ఖర్చు తగ్గించాలంటే డిడక్టిబుల్ (క్లెయిమ్ వచ్చినప్పుడు ముందు మీ జేబులోంచి కట్టేది) పెంచుకోండి. కారు పాతదైతే కొలిజన్ కవరేజీ (గుద్దుకున్నప్పుడు మీ కారు నష్టానికి ఇచ్చేది) తీసేయొచ్చు, లోన్ ఉంటే మాత్రం బ్యాంకు ఒప్పుకోదు. లయబిలిటీ (మీ వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి ఇచ్చేది) మాత్రం తగ్గించకండి. 2025 జనవరి 1 నుంచి కనీస పరిమితి ఒక మనిషి గాయాలకు 30,000 డాలర్లు, మొత్తం ప్రమాదంలో గాయాలకు 60,000, ఆస్తి నష్టానికి 15,000. మీ ఊళ్లో టెస్లాని గుద్దితే ఆ 15,000 ఏ మూలకు?

పేరున్న కంపెనీలు కాదంటే, నాన్-స్టాండర్డ్ కంపెనీలతో (రిస్కు ఎక్కువున్న డ్రైవర్లను తీసుకునేవాటితో) పనిచేసే ఇండిపెండెంట్ బ్రోకర్ దగ్గరికి వెళ్లండి. అందరూ కాదంటే అసైన్డ్ రిస్క్ ప్లాన్ ఉంది, అందులో రాష్ట్రంలోని కంపెనీలు ఇలాంటి డ్రైవర్లను వంతుల వారీగా తీసుకోవాలి. డీయూఐ దాచొద్దు, వాళ్లు డీఎంవీ రికార్డు తెప్పించుకుంటారు. ప్రీమియం తగ్గుతుందని వేరే ఊళ్లో ఉన్న తమ్ముడి అడ్రస్ ఇవ్వమని సలహా చెప్పేవాళ్లూ ఉంటారు. క్లెయిమ్ వచ్చిన రోజున ఆ సలహాదారులు ఫోన్ ఎత్తరు.

మీరు అడగలేదు గానీ, వీసా మీద ఉంటే టికెట్లు కొనేముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. డీయూఐ అరెస్టు ఉంటే స్టేట్ డిపార్ట్‌మెంట్ వీసా రద్దు చేయొచ్చు. అప్పుడు స్టాంపింగ్‌కి మళ్లీ కాన్సులేట్‌కి వెళ్లాలి, మెడికల్ పరీక్ష కూడా అడగొచ్చు, ఈ రెండు నెలల సెలవు దానికి చాలకపోవచ్చు.