రైతులందరికీ ఒకే ఫోన్ నంబరా?

ప్రశ్న: మాది ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి దుకాణం. కొత్త సాఫ్ట్‌వేర్‌లో తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీలు) తీస్తున్నాం. ఏ రైతు పేరు కొట్టినా ఫోన్ నంబర్ దగ్గర 2147483647 అనే వస్తోంది. వైరస్ పడిందా సార్?
– ఒక అడ్తిదారు, వరంగల్

జవాబు: వైరస్ కాదండీ, ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ల నిర్లక్ష్యం. ఇదే నంబర్ గురించి హన్మకొండ కోచింగ్ సెంటర్ల నుంచి, కరీంనగర్ ఎరువుల దుకాణాల నుంచి కూడా అడుగుతూనే ఉన్నారు.

ఫోన్ నంబర్ దాచే గడిని 32 బిట్ల (బిట్ అంటే 0 గానీ 1 గానీ పట్టే చోటు) పూర్ణాంకంగా పెట్టారు. ఒక బిట్ ప్లస్, మైనస్ గుర్తుకు పోతుంది. మిగతా 31 బిట్లలోనూ ఒకట్లే నింపితే వచ్చేది 2147483647. అంతకుమించి అందులో పట్టదు. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9తో మొదలవుతాయి కాబట్టి ఒక్కటీ పట్టదు. అప్పుడు తప్పని చెప్పి ఆపేయాలి. కొన్ని డేటాబేస్‌లు ఆపవు, పట్టినంత పెద్ద సంఖ్యను రాసేసి ముందుకెళ్తాయి. ఒక్క నంబర్ సేవ్ చేసి తెరిచి చూసినా ఇది బయటపడేది!

నిజానికి ఇది గొప్ప సంఖ్య. ప్రధాన సంఖ్య అని 1772 నాటికే గణిత శాస్త్రవేత్త ఆయిలర్ తేల్చాడు. మామూలుగా అయితే 46,340 లోపు ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. దీన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా ఉంటే, దాన్ని 248తో భాగిస్తే 1 గానీ 63 గానీ మిగలాలని ఆయన ముందే కనిపెట్టి, అలాంటివాటినే పరీక్షించాడు. కాగితం మీద చేసిన లెక్కలో అంత శ్రద్ధ!

నా టెన్షన్ ఓటీపీ గురించి. మీ సాఫ్ట్‌వేర్ ఫోన్ నంబర్‌తో మనిషిని గుర్తుపడితే, దానికి రైతులందరూ ఒక్కరే. ఒకరు ఓటీపీతో పాస్‌వర్డ్ మార్చుకోబోతే ఇంకొకరి ఖాతా తెరుచుకోవచ్చు. అందులో బ్యాంకు వివరాలు, రావాల్సిన మిర్చి డబ్బులు ఉంటాయి. సరిచేసేదాకా ఫోన్ నంబర్ లాగిన్ ఆపించేయండి.

పోయిన నంబర్లు ఆ గడి నుంచి తిరిగి రావు. పాత పుస్తకాలు చూసి మళ్లీ ఎక్కించుకోవాల్సిందే. అంతకుముందు గడిని టెక్స్ట్‌గా మార్పించండి. పెద్ద పూర్ణాంకంగా మారుస్తామంటే ఒప్పుకోకండి. ఫోన్ నంబర్ పడుతుంది గానీ, అదే అలవాటుతో బ్యాంకు ఖాతా నంబర్ దాస్తే ముందున్న సున్నా ఎగిరిపోతుంది. కూడికలు, తీసివేతలు చేయని దేన్నీ సంఖ్యగా దాచకూడదు.

ఈ సంఖ్యతో మరో ముప్పు కూడా ఉంది. చాలా యంత్రాలు 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టి తేదీ చెబుతాయి. లెక్క 32 బిట్లలో ఉంటే 2038 జనవరి 19 ఉదయం, మన టైం 8:44:07కి ఈ సంఖ్య దగ్గర నిండిపోతుంది. మరుసటి సెకనుకు చాలావాటిలో తేదీ 1901 డిసెంబర్‌కు పోతుంది. కొత్త ఫోన్లు, కంప్యూటర్లు 64 బిట్లకు మారాయి. నాకు కోపం తెప్పించేవి గోడకు బిగించి మర్చిపోయే సీసీ కెమెరా డబ్బాలు, వేలిముద్ర హాజరు యంత్రాలు. అమ్మాక వాటికి అప్‌డేట్ ఇచ్చే నాథుడే ఉండడు. కొనేముందు తేదీని 2040కి మార్చి చూపించమనండి. చూపించకపోతే కొనకండి.